సీ నిండింది, డీ ఖాళీగా ఉంది

(బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ సమావేశ మందిరంలో, తెలుగు కుటుంబాల ఆదివారం కలయికలో చేసిన ప్రసంగ పాఠం. చివర సభికులు అడిగిన ప్రశ్నలు, వాటికి ఇచ్చిన జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

మన ఇళ్లలో ఉన్న లాప్‌టాప్‌లలో ఒక రకం బాగా కనిపిస్తుంది. 2018 తర్వాత కొన్నేళ్ల పాటు దుకాణాల్లో విరివిగా దొరికిన రకం అది. తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవ్, అంటే 128 జీబీల చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి, దానికి తోడుగా ఒక టీబీ హార్డ్ డిస్క్. మామూలుగా సీ ఆ ఎస్ఎస్‌డీ మీద, డీ ఆ హార్డ్ డిస్క్ మీద ఉంటాయి. కొన్నిటిలో ఎస్ఎస్‌డీ 256 ఉంటుంది. కొన్నప్పుడు ఉద్యోగం కోసం కొన్నారు. ఇప్పుడు అవి పిల్లల చదువులకో, ఊళ్లో నాన్నగారి జమాఖర్చులకో పనికొస్తున్నాయి. ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు, తెర శుభ్రంగా ఉంది, కీబోర్డు చక్కగా పనిచేస్తోంది. కానీ సీ డ్రైవ్ ఎర్రబడింది. విండోస్ అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది. బ్రౌజర్ నత్తనడక నడుస్తుంది. ఫైలు సేవ్ చేయబోతే చోటు లేదంటుంది. అదే లాప్‌టాప్‌లో డీ డ్రైవ్ తెరిచి చూస్తే ఎనిమిది వందల జీబీలు ఊరికే పడి ఉంటాయి.

ఇలాంటి యంత్రాన్ని పాతదైపోయిందని మూలన పడేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా పనిచేయగల వస్తువు అది. దానికి కావలసింది, ఏ ఫైలు ఎక్కడ ఉండాలో తెలిసి సర్దే మనిషి. ఈ పూట మాట్లాడబోయేది ఆ సర్దుడు గురించే.

సర్దేముందు ప్రతి ఫైలు గురించీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ ఫైలును కంప్యూటర్ ఏ పద్ధతిలో చదువుతుంది? ఈ ఫైలు పోతే నాకు ఎంత నష్టం? మొదటి ప్రశ్నకు జవాబు సీ, డీల మధ్యే తేలిపోతుంది. రెండో ప్రశ్నకు జవాబు సీలోనూ లేదు, డీలోనూ లేదు, లాప్‌టాప్ బయట ఉంది. మనలో చాలామంది ఈ రెండిటినీ కలిపేసి, ముఖ్యమైనవి డీలో, మామూలువి సీలో అని పంచుతారు. చోటు చాలకపోవడం, వేగం తగ్గడం, ఒక్కోసారి పదేళ్ల ఫొటోలు ఒక్కరోజులో పోవడం, వీటిలో చాలావాటికి మూలం ఆ పంపకంలోనే ఉంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ పది మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో వచ్చింది. ఏ, బీ అక్షరాలను అప్పటికే ఫ్లాపీలు తీసుకున్నాయి కాబట్టి హార్డ్ డిస్క్‌కు సీ దక్కింది. ఆ తర్వాత మన దగ్గర అసెంబుల్డ్ కంప్యూటర్ల కాలం నడిచింది. ఉండేది ఒకే డిస్క్. కంప్యూటర్ బిగించిన కుర్రాడు దాన్నే సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇచ్చేవాడు. వైరస్ పట్టినా, విండోస్ పాడైనా సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తే సరిపోయేది, డీలో పాటలూ ఫొటోలూ అలాగే ఉండేవి. "ముఖ్యమైనవి డీలో పెట్టుకోండి సార్" అనే మాట అప్పటిది. ఆ రోజుల్లో అది మంచి సలహానే. ఇప్పటి ఈ లాప్‌టాప్‌లలో సీ ఒక వస్తువు, డీ పూర్తిగా వేరే వస్తువు. సలహా మాత్రం మారలేదు.

మీ లాప్‌టాప్ ఏ రకమో ఇప్పుడే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోటికి వెళ్లండి. ఎడమ పక్క డిస్క్ 0, డిస్క్ 1 అని రెండు వరుసలు కనిపించి, ఒకదాని కింద ఎస్ఎస్‌డీ అనీ రెండోదాని కింద హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అనీ ఉంటే, మీవి నిజంగా రెండు డ్రైవులు. ఒకే డిస్క్ పేరు పక్కన సీ, డీ రెండూ కనిపిస్తే అది ఒకే డ్రైవ్‌కు చేసిన రెండు ముక్కలు. అలాంటివాళ్లు డీని తగ్గించి సీని పెంచుకునే వీలుంది. రెండు డ్రైవులు ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ మీద కుడి మీట నొక్కితే, విస్తరించడానికి ఉన్న మాట బూడిద రంగులో ఉండి నొక్కుడుపడదు. ఇందులో విండోస్ తప్పేమీ లేదు. పక్క ఊరి చెరువు నిండా నీళ్లున్నా మన బావిలో ఊట పెరగదు. కాబట్టి సీకి చోటు తెచ్చే మార్గాలు మూడే. అక్కరలేనివి తీసేయడం, డీలో ఉండదగ్గవి డీకి పంపడం, చివరికి ఎస్ఎస్‌డీనే పెద్దది వేయించుకోవడం.

ఇంకొక అనుమానం చాలామందికి ఉంటుంది. 128 జీబీలని అమ్మి 119 ఎందుకిచ్చారు, ఒక టీబీ అని 931 ఎందుకు చూపిస్తోంది అని. ఎవరూ మోసం చేయలేదు. తయారీ కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. ఉన్న చోటు అంతే, కొలమానం వేరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు తిరుగుతుంటాయి. లాప్‌టాప్‌లో వాడేవి మామూలుగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 90 సార్లు. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం, దాన్ని చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అది ఐదున్నర మిల్లీసెకన్లు. అంతకు ముందు ఆ తల సరైన గాడికి జరగాలి, దానికి ఇంకో పది, పన్నెండు మిల్లీసెకన్లు. అంటే ఎక్కడెక్కడో చెదిరి ఉన్న చిన్న చిన్న ముక్కలను ఏరుకు రమ్మంటే, హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు అరవై ముక్కలు తేగలదు. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అదే పనికి అది సెకనుకు వేల ముక్కలు తెస్తుంది.

విండోస్ మొదలవడం, బ్రౌజర్ తెరుచుకోవడం, ప్రోగ్రాములు నడవడం, ఇవన్నీ వేలాది చిన్న ఫైళ్లను ఏరుకునే పనులే. అందుకే అవి ఎస్ఎస్‌డీ మీద ఉండాలి. మరి సినిమా? సినిమా ఒకే పెద్ద ఫైలు, మొదటి నుంచి చివరి దాకా వరసగా చదివేది. మంచి నాణ్యత ఉన్న సినిమా ఆడటానికి సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లు అందితే చాలు. వరసగా చదవమంటే మామూలు హార్డ్ డిస్క్ కూడా సెకనుకు వంద మెగాబైట్లకు దగ్గరగా ఇస్తుంది. కాబట్టి సినిమాను ఎస్ఎస్‌డీ మీద పెట్టినా హార్డ్ డిస్క్ మీద పెట్టినా మీ కంటికి రవ్వంత తేడా కనిపించదు. ఖరీదైన ఆ కొంచెం చోటును సినిమాలకు ఇవ్వడం దండగ. పెళ్లి వీడియోలు, ఫోను నుంచి దించిన ఫొటోలు, క్లాసుల రికార్డింగులు, పాత ప్రాజెక్టుల జిప్ ఫైళ్లు, ఇన్‌స్టాల్ చేసేశాక మిగిలిన సెటప్ ఫైళ్లు, ఇవన్నీ డీలో హాయిగా ఉంటాయి.

ఇప్పుడు ఈ తెర చూడండి. ఇంజనీరింగ్ చదువుతున్న ఈ అమ్మాయి తన లాప్‌టాప్‌ను ఈ పూటకు మనకిచ్చింది. సీలో 119 జీబీలకు గాను మూడు జీబీలే మిగిలాయి. ఏది ఎంత చోటు తింటోందో చూపించే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. విన్‌డిర్‌స్టాట్ ఒకటి, విజ్‌ట్రీ ఒకటి. డ్రైవ్‌లోని ప్రతి ఫైలునూ దాని బరువును బట్టి పెద్ద పెట్టెగానో చిన్న పెట్టెగానో గీసి చూపిస్తాయి. ఏదైనా తుడిచేముందు ఈ చిత్రాన్ని ఒకసారి నింపాదిగా చూడమని అందరికీ చెబుతాను. చిన్న చిన్న ఫైళ్లు వంద తీసేసి అలసిపోతారు, మూలన పది జీబీల ఫైలు ఒకటి అలాగే ఉండిపోతుంది.

పైన ఈ పెద్ద పెట్టె డౌన్‌లోడ్స్ ఫోల్డర్. లోపలికి వెళ్దాం. జిప్ ఫైలు ఉంది, దాన్ని విప్పిన ఫోల్డరూ పక్కనే ఉంది. ఒకే పాఠం వీడియో రెండుసార్లు దిగింది, రెండోదాని పేరు చివర బ్రాకెట్లో ఒకటి అని ఉంది చూడండి. లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకోవడానికి దింపిన ఐఎస్ఓ ఫైలు ఒకటి ఉంది, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక దాని పని అయిపోయింది. ఈ ఒక్క ఫోల్డర్‌లోనే ఇరవై జీబీలకు పైగా తేలుతోంది.

పక్కన ఉన్నది హైబర్‌ఫిల్ అనే ఫైలు. మామూలుగా కంటికి కనిపించదు. హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా రాసి పెట్టుకోవడానికి విండోస్ ముందే అట్టిపెట్టుకున్న చోటు ఇది, సుమారు ర్యామ్‌లో నలభై శాతం. ఈ అమ్మాయి లాప్‌టాప్‌లో ఎనిమిది జీబీల ర్యామ్ ఉంది కాబట్టి ఇది మూడు జీబీలు దాటింది. హైబర్నేట్ వాడనివాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ అని కొడితే ఆ చోటంతా తిరిగొస్తుంది. అయితే దాంతో, లాప్‌టాప్ త్వరగా మొదలయ్యేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, అది తెలిసి చేయండి. ఫైలును నేరుగా తుడవాలని చూడకండి, తుడవనివ్వదు కూడా.

ఆ పక్కన, ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో సరంజామా. ఎమ్యులేటర్లు మూడున్నాయి. ఒకటే వాడుతున్నానని తనే చెప్పింది. మిగతా రెండూ తీసేస్తే పది జీబీలకు తక్కువ రాదు. వీటిని డీకి పంపొచ్చు కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. పంపొచ్చు, దారి ఉంది. కానీ ఎమ్యులేటర్ అంటే ఫోను మొత్తం ఒక ఫైలులో నడుస్తున్నట్టు, అది నిమిషం నిమిషం ఎక్కడెక్కడో చదువుతూ రాస్తూ ఉంటుంది. హార్డ్ డిస్క్ మీద పెడితే విసుగొచ్చి ప్రాణం పోతుంది. ఆ యాప్‌లను కట్టిపెట్టే గ్రేడిల్ అనే ప్రోగ్రామ్ దాచుకునే వేలకొద్దీ చిన్న ఫైళ్లదీ అదే సంగతి. ఇలాంటివి కావలసినప్పుడు మళ్లీ దింపుకోవచ్చు. కాబట్టి వాటిని డీకి మోయడం కన్నా వాడనివి తీసేయడమే నయం. పెద్దదైనా వరసగా చదివేదైతే డీకి పంపండి. చెదురుమదురుగా చదివేదైతే, ఉంటే సీలో ఉండాలి, అక్కరలేకపోతే అసలు ఉండకూడదు.

పంపే పద్ధతి చెబుతాను. వీడియోస్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ లాంటి ఫోల్డర్లకు విండోస్ ఒక సౌకర్యం ఇచ్చింది. ముందు డీలో వీడియోస్ అని ఒక కొత్త ఫోల్డర్ చేయండి. తర్వాత అసలు వీడియోస్ ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌కు వెళ్లి, లొకేషన్ అనే చోట మూవ్ నొక్కి, డీలో చేసిన ఆ కొత్త ఫోల్డర్‌ను చూపించండి. పాత ఫైళ్లు కూడా తరలించాలా అని అడుగుతుంది, అవునని చెప్పండి. అంతే, ఇక నుంచి వీడియోలన్నీ తమంతట తామే డీకి చేరతాయి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. కొత్త ఫోల్డర్ చేయకుండా నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తే, డీ మొత్తాన్నీ విండోస్ వీడియోస్ ఫోల్డర్ అనుకుంటుంది. ఆ చిక్కు విప్పడం చాలా కష్టం. ఇంకొక మాట, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ తన ఆధీనంలోకి తీసుకుని ఉంటే, ముందు వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆ బ్యాకప్ ఆపి, ఆ తర్వాతే ఈ పని చేయండి.

చేత్తో కట్ చేసి డీలో పేస్ట్ చేసే అలవాటు ఉన్నవాళ్లకు ఒక సంగతి. ఒకే డ్రైవ్‌లో కట్, పేస్ట్ చేస్తే ఫైలు కదలదు, దాని చిరునామా మాత్రమే మారుతుంది. అందుకే క్షణంలో అయిపోతుంది. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు చేసినప్పుడు ఫైలు మొత్తం అటు నకలు తీసి, ఇటు తుడవాలి. గంట పట్టే ఆ పని మధ్యలో లాప్‌టాప్ ఆగిపోతే ఏది అటు చేరింది, ఏది ఇటు ఉంది అని వెతుక్కోవాలి. ముఖ్యమైన ఫోల్డర్ అయితే కాపీ చేయండి, డీలో నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోండి, ఆ తర్వాత సీలోది తీసేయండి. తీసేశాక రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం మరచిపోకండి. సీలో తుడిచినవి సీలోని బిన్‌లోనే ఉంటాయి, అది ఖాళీ అయ్యేదాకా చోటు ఒక్క బైటు కూడా పెరగదు.

విండోస్ తనంతట తాను పోగేసుకునే చెత్త కోసం సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ చూడండి. పెద్ద అప్‌డేట్ వచ్చిన కొత్తలో పాత విండోస్ మొత్తం అక్కడే ఉంటుంది, అది పది జీబీలు, ఇరవై జీబీలు కూడా ఉండొచ్చు. పది రోజుల తర్వాత విండోసే దాన్ని తీసేస్తుంది, కొత్తది బాగానే నడుస్తోందని నమ్మకం కుదిరితే మీరే ముందు తీసేయొచ్చు. ఈ జాబితాలో టిక్కులు పెట్టేటప్పుడు నింపాదిగా చదవండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఆ జాబితాలో ఒక వరుసగా కనిపిస్తుంది. దానికి టిక్కు పెట్టి తీసేస్తే మీ రెజ్యూమెలూ మార్కుల మెమోలూ అన్నీ పోతాయి.

ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. విండోస్ ఫోల్డర్ లోపల విన్‌ఎస్ఎక్స్‌ఎస్ అని ఒకటి, ఇన్‌స్టాలర్ అని ఒకటి ఉంటాయి, బరువుగా కనిపిస్తాయి. వాటిలో చేయి పెట్టి తుడిస్తే అప్‌డేట్లు ఆగిపోతాయి, ప్రోగ్రాములు తీసేయడానికి కూడా కుదరదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌ను ఎత్తి డీలో పేస్ట్ చేయడమూ అంతే, ప్రోగ్రాములు తమ పాత చిరునామా వెతుక్కుని అక్కడేమీ లేక ఆగిపోతాయి. ఏదైనా పెద్ద ప్రోగ్రామ్ డీలో ఉండాలనుకుంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డీని చూపించండి. స్టీమ్ లాంటి ఆటల ప్రోగ్రాముల్లో ఆటను ఒక డ్రైవ్ నుంచి మరో డ్రైవ్‌కు మార్చే సౌకర్యం లోపలే ఉంది.

ఇంతా చేసి సీని మళ్లీ అంచుదాకా నింపకండి. ఎస్ఎస్‌డీలో రాసిన చోటు మీదే మళ్లీ రాయడం కుదరదు, ముందు తుడవాలి. రాసేది చిన్న పేజీల్లో, తుడిచేది చాలా పేజీలు కలిసిన పెద్ద బ్లాకుల్లో. ఖాళీ లేకపోతే ఒక చిన్న ఫైలు రాయడానికి కూడా ఎస్ఎస్‌డీ పక్కనున్నవాటిని ఎత్తి వేరేచోట పెట్టి, ఆ బ్లాకు తుడిచి, మళ్లీ సర్దుకోవాలి. నిండిన లాప్‌టాప్ నెమ్మదించడంలో దీని వాటా తక్కువేమీ కాదు. పదిహేను, ఇరవై శాతం ఖాళీ ఉంచండి. 128 జీబీల డ్రైవ్‌కు అది సుమారు ఇరవై జీబీలు.

రెండో ప్రశ్న మిగిలింది. ఫైలు పోతే ఎంత నష్టం?

శుక్రవారం రాత్రి ఈ మారతహళ్లి నుంచి, మడివాళ నుంచి ఊళ్లకు బయలుదేరే బస్సులు మనకందరికీ తెలుసు. ఒకే సంచిలో లాప్‌టాప్, ఆ లాప్‌టాప్‌లోనే సీ, డీ రెండూ. ఆ సంచి పోతే రెండూ ఒక్కసారే పోతాయి. నీళ్లు పడినా, అద్దె ఇంట్లో ఓల్టేజీ పెరిగి కాలినా అంతే. ఫొటోల నకలు డీలో ఉంది కాబట్టి భయం లేదనుకోవడం ఎంత ప్రమాదమో నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. పైగా రెండు డ్రైవులూ చెడిపోయే తీరు వేరు. హార్డ్ డిస్క్ చాలాసార్లు ముందే సూచన ఇస్తుంది. టక్ టక్ అని శబ్దం వస్తుంది, ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఆరోగ్యం గడి నీలం నుంచి పసుపుకు మారుతుంది. ఎస్ఎస్‌డీ మాత్రం నిన్న బాగా నడిచి ఇవాళ అసలు కనిపించకుండా పోగలదు. తుడిచిన ఫైలు తిరిగి తెచ్చుకోవడంలోనూ తేడా ఉంది. ఎస్ఎస్‌డీలో ఫైలు తుడిచి బిన్ ఖాళీ చేయగానే ఆ చోటు ఇక అక్కరలేదని ట్రిమ్ అనే ఆదేశం వెళ్తుంది, ఆ తర్వాత దాన్ని రాబట్టడం దాదాపు అసాధ్యం.

కాబట్టి పోతే మళ్లీ దొరకని వాటికి మూడు నకళ్లు ఉండాలి. రెండు రకాల సాధనాల మీద ఉండాలి, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి. లాప్‌టాప్‌లో ఒకటి, బీరువాలో పెట్టే బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో ఇంకో డిస్క్‌లోనో ఒకటి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలు ఫొటోలన్నిటికీ చాలకపోవచ్చు. పొలం కాగితాలు, సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు నకళ్లకు ఎంతో ఎక్కువ.

క్యాబ్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. హార్డ్ డిస్క్ తల పళ్లేనికి తగలకుండా నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. అది తిరుగుతున్నప్పుడు గుంతలో పడే కుదుపు దానికి మంచిది కాదు. రోజూ పనిచేసే ఫైళ్లు సీలో ఉంచుకుంటే దారిలో డీని కదిలించే అవసరం రాదు, వాడకపోతే కాసేపటికి అది తిరగడం ఆపేస్తుంది. ఇంటికెళ్లాక డీ తెరవండి.

ఇక మీ ప్రశ్నలు.

రిటైరైన ఒక మాస్టారు: బాబూ, ఎస్ఎస్‌డీ మీద ఎక్కువ రాస్తే అరిగిపోతుందని మా అల్లుడు అంటాడు. అందుకని నేను అన్నీ డీలోనే పెడుతున్నాను. మంచిదేనా?

అరుగుతుందన్న మాట నిజమే మాస్టారూ, మీ ఇంట్లో వాడకానికి అరగడం మాత్రం జరిగే పని కాదు. 250 జీబీల మంచి ఎస్ఎస్‌డీకి 150 టీబీల దాకా రాసుకోవచ్చని తయారీదారులే హామీ ఇచ్చిన సందర్భాలున్నాయి. రోజుకు 20 జీబీలు రాసినా అది ఇరవై ఏళ్ల లెక్క. మీరు ఉత్తరాలూ వ్యాసాలూ రాసుకుంటారు కదండీ, రోజుకు ఒక జీబీ కూడా ఉండదు. డాక్యుమెంట్లు ధైర్యంగా సీలో పెట్టుకోండి, వారానికోసారి బయటి డిస్క్‌లోకి నకలు తీయండి. అరిగించేది ఒకటుంది, ఎస్ఎస్‌డీని డీఫ్రాగ్ చేయడం. దానివల్ల లాభమూ లేదు. విండోస్‌లో ఉన్న ఆప్టిమైజ్ పని మాత్రం చేయనివ్వండి, అది ఎస్ఎస్‌డీకి ట్రిమ్, హార్డ్ డిస్క్‌కు డీఫ్రాగ్ అని తనే తెలుసుకుని చేస్తుంది.

ఒక యువకుడు: అన్నా, నేను ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ వాడతాను. లోపల ఇమేజ్‌లన్నీ తీసేశాను, అయినా సీలో చోటు పెరగలేదు.

తమ్ముడూ, డాకర్, విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ తమ సరుకంతా ఒకే పెద్ద వీహెచ్‌డీఎక్స్ ఫైలులో పెడతాయి. ఆ ఫైలు నిండేకొద్దీ పెరుగుతుంది. లోపల తీసేసినంత మాత్రాన మామూలుగా తగ్గదు. ముందు లోపల అక్కరలేనివి తీసెయ్యి. తర్వాత డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్ చేసి, విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే సాధనంలో ఆ ఫైలును ఎంచుకుని కాంపాక్ట్ చెయ్యి, అప్పుడు చోటు తిరిగొస్తుంది. డీకి మాత్రం మార్చకు, బిల్డు పెట్టి భోంచేసి వచ్చినా పూర్తికాదు.

ఒక గృహిణి: మా అబ్బాయి లాప్‌టాప్‌లో చిన్న ఎస్ఎస్‌డీ తీసి పెద్దది వేయిద్దామనుకుంటున్నాం. ఎస్పీ రోడ్డుకు వెళ్తే చేస్తారా? వెళ్లేముందు ఏమి చూసుకోవాలి?

చేస్తారమ్మా, అక్కడ కంప్యూటర్ దుకాణాలకు కొదవ లేదు. డబ్బు పెట్టగలిగితే అన్నిటికన్నా మంచి మార్గం కూడా అదే. వెళ్లేముందు లాప్‌టాప్ మోడల్ నంబరు రాసుకుని, తయారీదారు వెబ్‌సైట్‌లో చూడండి. సన్నని బిళ్లలా ఉండే ఎమ్ డాట్ 2 ఎస్ఎస్‌డీల్లో సాటా రకం ఒకటి, ఎన్‌వీఎమ్ఈ రకం ఒకటి ఉన్నాయి. చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. కొన్ని లాప్‌టాప్‌లు ఒకదాన్నే గుర్తిస్తాయి. రెండోది, అబ్బాయి లాప్‌టాప్‌లో బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం, ఉందేమో చూడమనండి. ఉంటే ఆ రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకున్నాకే లాప్‌టాప్ విప్పించండి. డ్రైవ్ మార్చాక ఆ కీ అడిగితే, మీ దగ్గర లేకపోతే, లోపలున్నది ఎవరూ తెరవలేరు. మూడోది, పాత డ్రైవ్‌ను కొత్తదానిలోకి క్లోన్ చేయించుకుంటే విండోస్, ప్రోగ్రాములు అన్నీ యథాతథంగా వస్తాయి. అయితే సీ మాత్రం పాత కొలతలోనే ఉండిపోయి, మిగతా చోటు ఖాళీగా మిగలొచ్చు. మధ్యలో విండోస్ మరమ్మతు కోసం అట్టిపెట్టుకున్న రికవరీ పార్టిషన్ అడ్డుండటమే దానికి కారణం. అక్కడ ఉండగానే సీ మొత్తం పెరిగిందో లేదో తెరిచి చూపించమనండి. పాత ఎస్ఎస్‌డీని మీరు తప్పకుండా వెనక్కి తీసుకోండి, కనీసం నెల రోజులు దాన్ని ఫార్మాట్ చేయకండి. కొత్తదానిలో అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయని అబ్బాయి చూసుకున్నాక, ఆ రకానికి సరిపడే యూఎస్‌బీ కేసు ఒకటి కొని బిగించండి. ఆ పాతదే మీ బయటి డ్రైవ్ అవుతుంది, సర్టిఫికెట్ల నకళ్లు దాంట్లో పెట్టుకోవచ్చు.